లేబుళ్లు తక్కువగా ఉన్నప్పుడు తెలుగు సమీక్షల సెంటిమెంట్ అనాలిసిస్: సమగ్ర మార్గదర్శి

"పది వేల తెలుగు సమీక్షలు ఉన్నాయి, లేబుల్ చేసినవి మాత్రం మూడు వందలకు మించవు, ఏ మోడల్ వాడమంటారు?" అన్న ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. రాసినవారికి వస్తువు నచ్చిందో లేదో కంప్యూటరుతో తేల్పించడమే సెంటిమెంట్ అనాలిసిస్; అది నేర్చుకోవడానికి మనిషి ఒక్కో సమీక్షకు వేసి ఇచ్చే "అనుకూలం", "ప్రతికూలం" వంటి గుర్తే లేబుల్. పై ప్రశ్నకు ఒక మోడల్ పేరు చెప్పి ఊరుకోవడం సులువే గాని, దానివల్ల అడిగినవారి పని కాదు. లేబుళ్లు తక్కువగా ఉన్నచోట ఫలితాన్ని నిర్ణయించేవి మూడు: ఉన్న కొద్ది లేబుళ్లు ఎంత నిక్కచ్చిగా ఉన్నాయి, కొత్త లేబుళ్లు ఏ వాక్యాలకు వేస్తున్నాం, ఫలితాన్ని దేనితో కొలుస్తున్నాం. మోడల్ ఎంపిక వీటి తర్వాతే వస్తుంది కాబట్టి ఇక్కడ మెట్ల వరుసను కూడా అలాగే పెట్టాను.

ఉదాహరణగా మిక్సీలు, కుక్కర్లు, స్పీకర్ల వంటి వస్తువుల మీద తెలుగువారు ఆన్‌లైన్‌లో రాసే సమీక్షలను తీసుకుంటున్నాను. పైథాన్‌లో సైకిట్-లెర్న్ వాడిన అనుభవం కొంత ఉంటే మెట్లన్నీ అనుసరించవచ్చు.

1. ముందుగా తరగతులను తేల్చుకోండి

మోడల్ ఇచ్చే జవాబుతో ఎవరు ఏం చేస్తారో రాసుకున్నాకే ఎన్ని తరగతులు కావాలో తెలుస్తుంది. ఫిర్యాదులను వేరుచేసి సర్వీసు విభాగానికి పంపడమే పని అయితే "ఫిర్యాదు ఉంది, లేదు" అన్న రెండు తరగతులు చాలు. లేబుళ్లు కొద్దిగా ఉన్నప్పుడు ఐదు స్థాయిల స్కేలు పెట్టుకుంటే ఒక్కో తరగతికి దక్కే ఉదాహరణలు చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే మిగులుతాయి.

సాధారణంగా నాలుగు తరగతులతో లేబుల్ చేయించి, శిక్షణ సమయంలో అవసరాన్ని బట్టి కలుపుకోవడం మేలు: అనుకూలం, ప్రతికూలం, తటస్థం, మిశ్రమం. తటస్థాన్నీ మిశ్రమాన్నీ మొదటే ఒకటి చేయకండి. "నిన్ననే వచ్చింది, ఇంకా వాడలేదు" అన్నదానిలో అభిప్రాయమే లేదు. "మిక్సీ బాగుంది కానీ జార్ మూత సరిగ్గా పట్టడం లేదు" అన్నదానిలో రెండు అభిప్రాయాలున్నాయి. ఒకసారి కలిపేసిన లేబుళ్లను మళ్లీ విడదీయాలంటే మొత్తం చదవాల్సిందే.

2. ముడి పాఠ్యాన్ని సిద్ధం చేయండి

శుభ్రం చేయడం పేరుతో అర్థాన్ని కూడా ఊడ్చేయడం ఈ మెట్టులో తరచుగా జరిగే పొరపాటు. ఆన్‌లైన్‌లో దొరికే తెలుగు స్టాప్‌వర్డ్ జాబితాలను (తీసేసినా పర్లేదనుకునే మాటల పట్టీలను) ఉన్నవి ఉన్నట్టు వాడితే "లేదు", "కాదు", "వద్దు" వంటి మాటలు ఎగిరిపోయి, "అస్సలు బాగా లేదు" కాస్తా "అస్సలు బాగా" అవుతుంది. సెంటిమెంట్ పనికి స్టాప్‌వర్డ్‌లను తీసేయవలసిన అవసరం దాదాపు రాదు. తెలుగులో వ్యతిరేకార్థం క్రియలోనే కలిసిపోతుంది గనుక (నచ్చలేదు, నచ్చక, నచ్చదు) మాటల చివరలను కోసే స్టెమర్లను కూడా పక్కన పెట్టండి.

చేయవలసినవి ఇవి:

- యూనికోడ్ రూపాన్ని ఏకరీతిగా మార్చండి. కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకచోట ఉండి మరోచోట లేకపోతే, చూడటానికి ఒకేలా ఉన్న మాట కంప్యూటరుకు రెండు మాటలవుతుంది. దాన్ని అన్నిచోట్లా ఉంచండి, లేదా అన్నిచోట్లా తీసేయండి.
- ఒకే సమీక్ష పదేపదే వస్తే ఒక్కటే ఉంచండి. ఒకటి రెండు అక్షరాల తేడాతో ఉన్న నకళ్లను కూడా వెతికి పట్టుకోండి.
- ఎమోజీలను, ఆశ్చర్యార్థకాలను ఉంచండి. సాగదీసి రాసిన అక్షరాలను రెండింటికి కుదించండి.
- ఫోన్ నంబర్లు, చిరునామాలు, మనుషుల పేర్లు తొలగించండి. లేబుల్ చేసేవారికి ఫైలు పంపకముందే ఇది జరగాలి.
- ఏ వస్తువు మీద రాసిన సమీక్షో ఆ వస్తువు రకాన్ని వేరే గడిలో భద్రపరచండి. దీని అవసరం 6వ మెట్టులో వస్తుంది.

ఇక ఇంగ్లిషు లిపిలో రాసిన తెలుగు సంగతి. సమీక్షల్లో ఇది గణనీయంగా ఉంటుంది, ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగు రాస్తారు. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం విడుదల చేసిన ఇండిక్‌ఎక్స్‌లిట్‌తో వాటిని తెలుగు లిపిలోకి మార్చవచ్చు, లేదా లిప్యంతరీకరణ పాఠ్యం మీద కూడా శిక్షణ పొందిన మోడల్‌కు నేరుగా ఇవ్వవచ్చు. మీ డేటాకు ఏది మెరుగో రెండూ చేసి చూస్తేనే తెలుస్తుంది. లిపి ఏదన్నది కూడా ఒక గడిలో రాసిపెట్టుకుంటే, తర్వాత తప్పులను లిపివారీగా చూసుకోవచ్చు.

3. శిక్షణకన్నా ముందు టెస్ట్ సెట్

లేబుళ్లు తక్కువగా ఉన్నప్పుడు వాటినన్నింటినీ శిక్షణకే వాడేద్దామనిపిస్తుంది. అలా చేస్తే ఆ తర్వాత చేసే ప్రతి ప్రయోగమూ గుడ్డిగా సాగుతుంది. అందుకే మొదట యాదృచ్ఛికంగా 300 సమీక్షలు తీసి, 4వ మెట్టులో చెప్పే నియమావళి ప్రకారం ఇద్దరితో విడివిడిగా లేబుల్ చేయించి, తాళం వేసి పెట్టండి. శిక్షణలో వాడకుండా, ఫలితాన్ని కొలవడానికే దాచిన ఈ సమీక్షలే టెస్ట్ సెట్.

ఈ సంఖ్య ఎందుకంటే, 300 సమీక్షల మీద 80 శాతం కచ్చితత్వం వచ్చిందంటే అసలు విలువ దానికి అటూ ఇటూ నాలుగున్నర శాతం మేర ఎక్కడైనా ఉండవచ్చు. ఒక మోడల్‌కు 80, మరొకదానికి 82 వచ్చినంత మాత్రాన రెండోది గెలిచిందనుకోకూడదు. ఇంకా చిన్న టెస్ట్ సెట్‌తో పోలికలు చేస్తే మీరు చూసేది చాలావరకు అదృష్టాన్నే.

ప్రతికూల సమీక్షలు మొత్తంలో 12 శాతమే ఉన్నాయనుకోండి, 300లో 36 మాత్రమే వస్తాయి. ఫిర్యాదులను ఎంతమేరకు పట్టుకుంటున్నామో చెప్పడానికి అవి చాలవు. కనుక ఒకటి, రెండు స్టార్లు వచ్చిన సమీక్షల నుంచి మరో 150 తీసి రెండో టెస్ట్ ఫైలుగా విడిగా ఉంచండి. రెండింటినీ కలిపి ఒకే అంకె చెప్పకండి. మొదటిది వాస్తవ నిష్పత్తిని చూపుతుంది, రెండోది అరుదైన తరగతిని పరీక్షిస్తుంది.

కొలమానంగా మ్యాక్రో ఎఫ్1 వాడండి. పట్టుకోవలసినవాటిని ఎంత పట్టుకుంది, పట్టుకున్నవి ఎంత సరి అన్న రెండింటినీ కలిపి చూపేది ఎఫ్1; ప్రతి తరగతికీ దాన్ని విడిగా లెక్కించి తీసిన సగటే మ్యాక్రో ఎఫ్1. 78 శాతం అనుకూలం ఉన్న రెండు తరగతుల డేటాలో ప్రతిదానికీ "అనుకూలం" అని చెప్పే మోడల్‌కు 78 శాతం కచ్చితత్వం వస్తుంది గాని, మ్యాక్రో ఎఫ్1 మాత్రం 0.44 దగ్గరే ఆగిపోతుంది.

- టెస్ట్ సమీక్షలకు దగ్గరి నకళ్లు శిక్షణ డేటాలో లేవని సరిచూశారా?
- ఒకే కొనుగోలుదారు రాసినవన్నీ ఒకే వైపు ఉన్నాయా?
- సెట్టింగులు మార్చుకోవడానికి శిక్షణ డేటాలోనే ఐదు మడతల క్రాస్ వాలిడేషన్ (డేటాను ఐదు భాగాలు చేసి, ప్రతిసారీ నాలుగింటితో శిక్షణ ఇచ్చి మిగిలినదానితో పరీక్షించడం) పెట్టుకున్నారా? ఆ పనికి టెస్ట్ సెట్‌ను ముట్టకూడదు.

4. లేబులింగ్ నియమావళి రాయండి

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టు మీదే సమయం పెట్టగలనంటే ఇక్కడ పెట్టండి. యాభై వేల ఉదాహరణలున్నప్పుడు కొన్ని లేబుళ్లు తప్పినా మోడల్ తట్టుకుంటుంది. మూడు వందలే ఉన్నప్పుడు, ఒకే రకం వాక్యానికి ఇద్దరు వేర్వేరు లేబుళ్లు వేస్తే ఆ రకాన్ని నేర్చుకునే దారే దానికి ఉండదు.

నియమావళి రెండు పేజీలు దాటనక్కరలేదు. నిర్వచనాలకన్నా చిక్కు వాక్యాలకు తీర్పులు అందులో ఎక్కువగా ఉండాలి. ఈ కిందివాటికి మీ తీర్పేమిటో మొదట రాయండి:

- "ఈ రేటుకు పర్లేదు." మెచ్చుకోలు ఉంది గాని చాలా పలచన. అనుకూలమా, తటస్థమా ఒకటి నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని అంతటా పాటించండి.
- "వస్తువు బాగుంది, కానీ డెలివరీ అబ్బాయి పైకి తెచ్చివ్వలేదు." వస్తువు మీద అభిప్రాయమే కావాలంటే అనుకూలం, మొత్తం అనుభవం కావాలంటే మిశ్రమం.
- "పాత మిక్సీ వారం తిరక్కుండానే కాలిపోయింది, ఇది అలా కాదు." తిట్టు వేరే వస్తువుకు, మెప్పు దీనికి.
- "మూడు రోజులకే ఆగిపోయింది, అద్భుతమైన మిక్సీ." వెటకారం. మాటను బట్టి కాక ఉద్దేశాన్ని బట్టి ప్రతికూలం.
- "ఎవరికైనా నచ్చకుండా ఉండదు." రెండు నిషేధాలు కలిసి మెచ్చుకోలు అయింది.

ఇద్దరు విడివిడిగా అవే యాభై సమీక్షలు లేబుల్ చేసి, తేడా వచ్చినవాటి దగ్గర కూర్చుని మాట్లాడుకుని, నియమావళిని దిద్దుకోవాలి. ఆ తర్వాతే అసలు లేబులింగ్ మొదలుపెట్టాలి. కోస్తా వాడుక, తెలంగాణ వాడుక, రాయలసీమ వాడుక అన్నీ సమీక్షల్లో కలిసే వస్తాయి గనుక ఆ ఇద్దరూ ఒకే ప్రాంతం వారు కాకుండా చూసుకుంటే మంచిది.

ఏకీభావాన్ని ఉత్త శాతంతో కొలవకండి. ఇద్దరూ చెరి 70 శాతానికి అనుకూలం, 30 శాతానికి ప్రతికూలం వేస్తున్నారనుకుందాం. చూడకుండా వేసినా 58 శాతం చోట్ల కాకతాళీయంగా కలుస్తారు. కాబట్టి 80 శాతం ఏకీభావం ఘనంగా కనిపించినా, యాదృచ్ఛికతను తీసేసి చూపే కోహెన్ కప్పా విలువ 0.52 మాత్రమే. కప్పా 0.7 దాటేవరకు నియమావళిని సానపట్టడం అవసరమని నా అభిప్రాయం. ఇద్దరు మనుషులే ఒప్పుకోని విషయాన్ని మోడల్ తేల్చాలనుకోవడం దాని మీద మోయలేని బరువు పెట్టడమే.

5. చిన్న బేస్‌లైన్‌తో మొదలుపెట్టండి

పెద్ద మోడళ్ల జోలికి పోకముందు అక్షర ఎన్-గ్రాముల (వరుస అక్షరాల ముక్కల) మీద టీఎఫ్-ఐడీఎఫ్ (అరుదైన ముక్కలకు ఎక్కువ బరువిచ్చే లెక్క) లెక్కించి, దానితో లాజిస్టిక్ రిగ్రెషన్ అనే సరళమైన వర్గీకరణ పద్ధతిని నడపండి. సైకిట్-లెర్న్‌లో ఇది పది పంక్తుల పని, నిమిషంలో ఫలితం వస్తుంది.

మాటలను కాక రెండు నుంచి ఐదు అక్షరాల ముక్కలను ఎందుకు తీసుకోవాలంటే, తెలుగులో ఒకే మాట ఎన్నో రూపాల్లో కనిపిస్తుంది. బాగుంది, బావుంది, బాగుందండి అన్నవి మాటలుగా మూడు. అక్షరాల ముక్కలుగా చూస్తే వాటి మధ్య పోలిక దొరుకుతుంది. పర్వాలేదు, ఫర్వాలేదు, పర్లేదు విషయంలోనూ అంతే. తరగతుల మధ్య అసమతౌల్యం ఉంటే తరగతి బరువులను సమం చేసే సెట్టింగును తప్పక పెట్టండి.

తర్వాతి ప్రతి ప్రయోగాన్నీ ఈ బేస్‌లైన్‌తో పోల్చాలి. పెద్ద మోడల్ దీన్ని దాటలేకపోతే లోపం సాధారణంగా డేటాలోనో సెట్టింగుల్లోనో ఉంటుంది.

6. ముందే శిక్షణ పొందిన మోడళ్లను వాడుకోండి

తెలుగు తెలిసిన మోడళ్లలో మొదట చూడవలసినవి మూడు. గూగుల్ వెలువరించిన మురిల్ ఇంగ్లిషుతో కలిపి 17 భాషల మీద, లిప్యంతరీకరణ పాఠ్యం మీద కూడా శిక్షణ పొందింది కాబట్టి ఇంగ్లిషు లిపి తెలుగు ఎక్కువగా ఉన్నచోట దాన్నే ముందు ప్రయత్నించండి. ఏఐ4భారత్ వారి ఇండిక్‌బర్ట్ రెండోది. వంద భాషల ఎక్స్‌ఎల్‌ఎం-రోబర్టా మూడోది.

ఎన్ని లేబుళ్లున్నాయన్నదాన్ని బట్టి పద్ధతి మారుతుంది.

తరగతికి యాభైలోపు ఉంటే పూర్తి ఫైన్ ట్యూనింగ్ (మోడల్ మొత్తానికీ మీ లేబుళ్లతో మళ్లీ శిక్షణ ఇవ్వడం) చేయకండి. బహుభాషా వాక్య ఎంబెడింగులు, అంటే వాక్యం అర్థాన్ని సూచించే సంఖ్యల వరుసలు తీసుకుని (వాటినిచ్చే 109 భాషల లాబ్సే మోడల్లో తెలుగు ఉంది) వాటి మీద లాజిస్టిక్ రిగ్రెషన్ పెట్టండి, లేదా సెట్‌ఫిట్ వాడండి. సెట్‌ఫిట్ ఉన్న కొద్ది ఉదాహరణలను జతలుగా మార్చి, ఒకే తరగతి వాక్యాలను దగ్గరికి, వేరే తరగతివాటిని దూరానికి జరుపుతుంది. వంద వాక్యాల నుంచి వేల జతలు వస్తాయి, దాని బలం అదే. 2022లో దీన్ని విడుదల చేసినవారు ఇంగ్లిషు వినియోగదారుల సమీక్షల మీద తరగతికి 8 ఉదాహరణలతోనే, 3,000 ఉదాహరణలతో ఫైన్ ట్యూన్ చేసిన రోబర్టా లార్జ్‌తో పోటీపడే ఫలితం చూపారు. తెలుగులో అంత ఆశించకుండా తరగతికి 30 నుంచి 50 సిద్ధం చేసుకోండి.

తరగతికి రెండు వందలు దాటితే ఫైన్ ట్యూనింగ్‌కు వెళ్లవచ్చు. చిన్న డేటా మీద ఇది నిలకడ లేకుండా ప్రవర్తిస్తుంది. యాదృచ్ఛిక సీడ్ (శిక్షణలోని యాదృచ్ఛిక ఎంపికలను నిర్ణయించే సంఖ్య) ఒక్కటి మారితే ఫలితం పాతాళానికి పడిపోవడం కద్దు. లెర్నింగ్ రేటు (ఒక్కో అడుగులో మోడల్ ఎంత మారాలో చెప్పే విలువ) 0.00002 దగ్గర ఉంచి, వార్మప్ (ఆ రేటును మొదట్లో మెల్లగా పెంచడం) పెట్టి, మూడు ఎపాక్‌లతో ఆపేయకుండా పది నుంచి ఇరవై వరకు నడపండి (శిక్షణ డేటా మొత్తాన్ని ఒకసారి చూస్తే ఒక ఎపాక్). ఐదు సీడ్లతో నడిపి సగటును, వ్యాప్తిని రెండింటినీ రాసుకోండి. అన్నింటిలో గొప్ప ఫలితాన్ని ఏరి చూపించడం మిమ్మల్ని మీరు మోసం చేసుకోవడమే.

లేబుల్ లేని పది వేల సమీక్షలు కూడా ఇక్కడ అక్కరకొస్తాయి. ఫైన్ ట్యూనింగ్‌కు ముందు, టెస్ట్ సమీక్షలను మినహాయించి, మాటలు దాచి ఊహింపజేసే అదే ముందస్తు శిక్షణను వాటి మీద కొన్ని ఎపాక్‌లు కొనసాగించండి. మోడల్‌కు ఆ రంగపు భాష అలవాటవుతుంది.

ఇప్పుడు వస్తువు రకం సంగతి. "సౌండ్ మామూలుగా లేదు" అన్న వాక్యాన్ని చూడండి. స్పీకర్ గురించి అయితే అంతకు మించిన మెప్పు లేదు, మిక్సీ గురించి అయితే అది గట్టి ఫిర్యాదు. వాక్యాన్ని మాత్రమే చూసి ఏ మోడలైనా, ఆ మాటకొస్తే ఏ మనిషైనా తేల్చలేడు. ఆ వస్తువు రకం పేరును (ఉదాహరణకు "మిక్సీ") సమీక్షకు ముందు మొదటి భాగంగా చేర్చి ఇవ్వండి. పైసా ఖర్చు లేని ఈ మార్పును చాలామంది చేయరు.

టోకెనైజర్‌ను కూడా ఒకసారి తనిఖీ చేయండి. మాటలను మోడల్ చదివే ముక్కలుగా విడగొట్టేది అదే. వంద సమీక్షలు ఇచ్చి మాటకు సగటున ఎన్ని ముక్కలు వస్తున్నాయో చూడండి. ముక్కలు ఎక్కువైతే మోడల్ ఒకసారికి తీసుకునే ముక్కల పరిమితి (128గా పెట్టుకుంటే) తొందరగా నిండి సమీక్ష చివర తెగిపోతుంది. తెలుగువారు మొదట మెచ్చుకుని, "కానీ" అంటూ అసలు ఫిర్యాదును చివర చెప్పడం మామూలే గనుక తెగిపోయేది ముఖ్యమైన భాగమే. పరిమితి పెంచండి, లేదా మొదటి భాగాన్నీ చివరి భాగాన్నీ కలిపి ఇవ్వండి.

7. తర్వాతి లేబుళ్లు ఏ వాక్యాలకు?

మరో 200 లేబుల్ చేయించే స్తోమత ఉందనుకోండి, యాదృచ్ఛికంగా తీస్తే ఎక్కువ భాగం మోడల్‌కు ఇప్పటికే వచ్చిన "సూపర్ ప్రోడక్ట్" తరహావే వస్తాయి. బదులుగా యాభై చొప్పున విడతలుగా ఇలా తీయండి:

- 25: మోడల్ ఎటూ తేల్చుకోలేక తడబడుతున్నవి, అంటే మొదటి రెండు తరగతుల సంభావ్యతలు దగ్గరగా ఉన్నవి.
- 15: ఎంబెడింగులను గుంపులు చేసి, లేబుళ్లు లేని గుంపుల నుంచి ఒక్కొక్కటి.
- 10: యాదృచ్ఛికం.

తడబడుతున్నవాటినే తీస్తే అర్థం కాని చెత్త వాక్యాలన్నీ ముందుకొస్తాయి; మిగతా రెండు వాటాలు అందుకే. ప్రతి విడత తర్వాత మళ్లీ శిక్షణ ఇచ్చి కొలవండి. వరుసగా రెండు విడతల్లో మెరుగుదల లేకపోతే లేబులింగ్ ఆపి 9వ మెట్టుకు వెళ్లండి.

8. అరువు లేబుళ్లను జాగ్రత్తగా వాడండి

స్టార్ రేటింగులు మొదటి వనరు. ఐదు స్టార్లు ఇచ్చి కింద ఫిర్యాదు రాసేవారున్నారు, డెలివరీ ఆలస్యమైందని వస్తువుకు ఒక స్టార్ ఇచ్చేవారూ ఉన్నారు. వంద సమీక్షలను చేత్తో చూసి, స్టార్లు ఎంతమేరకు నిజం చెబుతున్నాయో కొలవండి. మూడు స్టార్లవాటిని వదిలేసి, మిగిలినవాటితో మొదటి దశ శిక్షణ, మీ అసలు లేబుళ్లతో రెండో దశ శిక్షణ ఇవ్వడం సురక్షితమైన వరుస.

వేరే రంగపు డేటాను నేరుగా కలిపితే దెబ్బతింటారు. సినిమా సమీక్షలో "క్లైమాక్స్‌లో ఏడిపించేశారు" అంటే మెచ్చుకోలు. "సర్వీసు సెంటర్ వాళ్లు ఏడిపించేశారు" అంటే మరొకటి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ నుంచి 2017లో వచ్చిన యాక్ట్‌సాలో ఐదు వేలకు పైగా లేబుల్ చేసిన తెలుగు వాక్యాలున్నాయి గాని అవి వార్తల భాషవి. వస్తు సమీక్షలకైతే ఏఐ4భారత్ ఇండిక్‌సెంటిమెంట్ దగ్గరగా ఉంటుంది. దేన్ని వాడినా మొదటి దశకే పరిమితం చేయండి.

ఇంగ్లిషు సమీక్షలను ఇండిక్‌ట్రాన్స్2 వంటివాటితో తెలుగులోకి తర్జుమా చేసి వాడవచ్చు. అనువాదంలో తెలుగు గ్రాంథికంగా మారుతుంది, వెటకారం ఆవిరవుతుంది. అది శిక్షణకు పనికొస్తుంది గాని పరీక్షకు పనికిరాదు.

పెద్ద భాషా మోడళ్లతో లేబుల్ చేయించేటప్పుడు మీ నియమావళిని, చిక్కు వాక్యాల తీర్పులను మొత్తం ఇచ్చి, "తేల్చలేను" అనే అవకాశం కూడా ఇవ్వండి. దాన్ని మూడో లేబులర్‌గా భావించి, మనుషులు వేసిన వంద లేబుళ్లతో కప్పా లెక్కించాకే వాడండి. టెస్ట్ సెట్ మాత్రం మనుషులదే అయి ఉండాలి.

సొంత మోడల్ ఊహలనే లేబుళ్లుగా తీసుకునే పద్ధతిలో 0.95 పైబడిన నమ్మకం ఉన్నవాటినే, ప్రతి తరగతి నుంచి సమాన సంఖ్యలో తీసుకుని, ఒకటి రెండు విడతలతో ఆపండి. సమాన సంఖ్య నియమం తప్పితే అనుకూలం తరగతి ఉబ్బిపోయి ఫిర్యాదులను మింగేస్తుంది.

9. తప్పులను చదవండి, సరిచేయండి

క్రాస్ వాలిడేషన్‌లో తప్పిన వంద సమీక్షలను స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకుని, ఒక్కోదాని పక్కన కారణం రాయండి. సాధారణంగా కనిపించే లక్షణాలు, వాటి మందులు ఇవి:

- మోడల్ పూర్తి నమ్మకంతో తప్పుతోంది: ముందు లేబుల్‌నే అనుమానించండి. శిక్షణ లేబుళ్లలో దొర్లిన తప్పులు ఇక్కడే బయటపడతాయి.
- "లేదు" కనిపిస్తే చాలు ప్రతికూలం అంటోంది: "ఏ ఇబ్బందీ లేదు", "వంక పెట్టడానికి లేదు" వంటి మెచ్చుకోళ్లను లేబుల్ లేని డేటాలో వెతికి ముప్పై చేర్చండి.
- ఇంగ్లిషు లిపి సమీక్షల్లోనే తప్పులు: ఉన్న తెలుగు లిపి ఉదాహరణలనే లిప్యంతరీకరించి అదే లేబుల్‌తో చేర్చండి. డేటా పెంచే పద్ధతుల్లో తెలుగుకు నికరంగా ఉపయోగపడేది ఇదేనంటాను. మాటలను యాదృచ్ఛికంగా తీసేసే పద్ధతి జోలికి పోకండి. ఒక్క "లేదు" పోతే లేబుల్ తిరగబడుతుంది.
- మిశ్రమం అంతా అనుకూలంలో పడుతోంది: "కానీ", "అయితే", "తప్ప" దగ్గర సమీక్షను విడగొట్టి ముక్కలవారీగా అంచనా వేయించి, ఫలితాలను కలపండి.
- క్రాస్ వాలిడేషన్‌లో బాగుండి టెస్ట్‌లో పడిపోతోంది: మడతల మధ్య నకళ్లు ఉన్నాయేమో మళ్లీ చూడండి.

10. వాడుకలో పెట్టే ముందు

- రెండు టెస్ట్ ఫైళ్ల మీద తరగతివారీ ప్రెసిషన్ (ఆ తరగతి అని మోడల్ చెప్పినవాటిలో సరైనవి ఎంత), రీకాల్ (ఆ తరగతివాటిలో మోడల్ పట్టుకున్నవి ఎంత) రాశారా?
- తెలుగు లిపి, ఇంగ్లిషు లిపి ఫలితాలు విడివిడిగా చూశారా?
- నమ్మకం తక్కువగా ఉన్న అంచనాలు మనిషి దగ్గరకు వెళ్లే ఏర్పాటు ఉందా? ఆ హద్దు ఎంతో క్రాస్ వాలిడేషన్ అంచనాల నుంచి తేల్చారా?
- నియమావళి, డేటా, సీడ్ల వివరాలు ఒకేచోట భద్రపరిచారా?

మోడల్ నడుస్తున్నంత కాలం నెలకు యాభై కొత్త సమీక్షలను యాదృచ్ఛికంగా తీసి, అదే నియమావళితో లేబుల్ చేయించి, మోడల్ అంచనాలతో పోల్చండి. కొత్త రకం వస్తువు అమ్మకానికి వచ్చినప్పుడు మాత్రం నెల తిరిగేదాకా ఆగకుండా ఆ వస్తువు సమీక్షలనే యాభై తీసుకుని చూడండి.